ఆఖరి సుల్తాను సమాధి ఇక్కడ లేదు

గోల్కొండ కోటకు కాస్త దూరంలో, ఇబ్రహీం బాగ్‌లో, కుతుబ్ షాహీ సుల్తానుల గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి మధ్య ఒక స్నానశాల ఉంది. రాజకుటుంబంలో ఎవరు కన్నుమూసినా ఆఖరి స్నానం అందులోనే. అరుగు మీద పడుకోబెట్టి, నీళ్ళు పోసి, కఫన్ చుట్టి అక్కణ్ణుంచే గోరీకి మోసుకెళ్ళేవారు. చావుకు కావలసిన ఏర్పాట్లు బతికుండగానే చేసుకోవడం ఈ వంశంలో ఆనవాయితీ. మూలపురుషుడు సుల్తాన్ కులీ తన సమాధి తానే కట్టించుకున్నాడు. తొంభై ఏళ్ళ వయసులో, 1543లో, మసీదులో ఉండగా కన్నకొడుకు జంషీద్ పురమాయించిన కత్తికి బలై అందులోకి చేరాడు. ఎక్కడ పడుకోవాలో నిర్ణయించుకోగలిగాడు గాని, ఎలా పోవాలో నిర్ణయించుకోలేకపోయాడు.

ఆ వంశంలో ఆఖరివాడికి మొదటి వీలు కూడా దక్కలేదు. అబుల్ హసన్ కుతుబ్ షా. తెలుగువాళ్ళ నోట తానాషా. రామదాసు కథ తెలిసిన ప్రతి ఇంటికీ ఆయన తెలుసు, బందిఖానాలో పెట్టిన నవాబుగా. ఆయన కూడా ఒక బందిఖానాలోనే పోయాడన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు. రామదాసును విడిపించడానికి రాముడు, లక్ష్మణుడు రామోజీ లక్ష్మోజీలై పైకం సంచులతో వచ్చారని కథ. తానాషా కోసం ఎవరూ రాలేదు.

ఆయన పెరిగింది మహల్లో కాదు. కుతుబ్ షాహీలతో దూరపు చుట్టరికం ఉన్నా, యవ్వనమంతా హైదరాబాదులోని సూఫీ గురువు షా రాజు ఖాన్‌కాలో గడిపాడు. ఫకీర్ల పంక్తిలో కూర్చుని పెట్టింది తిని, గురువు చెప్పింది వింటూ బతికాడు. అలాంటివాడు సింహాసనం దాకా వచ్చిన తీరు నాటకంలా ఉంటుంది. అప్పటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు కొడుకులు లేరు, ముగ్గురూ ఆడపిల్లలే. చిన్నమ్మాయికి ఒక సంబంధం కుదిర్చారు. ఆ వరుడంటే ఇంట్లో ఉన్న అల్లుడికి గిట్టలేదు. ఈ పెళ్ళి జరిగితే తాను గడప దాటి పోతానని భీష్మించాడు. పెళ్ళి సన్నాహాలు అప్పటికే మొదలైపోయాయి. ఆగమేఘాల మీద మరో వరుడు కావాల్సి వచ్చింది. ఖాన్‌కాలో ఉన్న అబుల్ హసన్‌ను తీసుకొచ్చి పెళ్ళిపీట మీద కూర్చోబెట్టారు. 1672లో మామ పోయాక, దర్బారులోని సయ్యద్ ముజఫర్ వంటి పెద్దలు కూడబలుక్కుని కిరీటం కూడా ఆయన నెత్తినే పెట్టారు.

అడగకుండా వచ్చిన రాజ్యం ఇది. ఈ కథలో ముందు గుర్తుంచుకోవలసింది ఈ సంగతే.

ఆయన ఏలిన పదిహేనేళ్ళూ గోల్కొండ మీద మొగలాయీ నీడ పడే ఉంది. అయినా ఆ కాలంలో జరిగిన కొన్ని పనులు నేటికీ మిగిలాయి. హనుమకొండ నుంచి వచ్చిన బ్రాహ్మణ సోదరులు అక్కన్న, మాదన్నలు రాజ్యభారం మోశారు. మాదన్న ప్రధాని అయ్యాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు ఒప్పందం కుదిరింది మాదన్న చేతుల మీదుగానే. ఒక షియా సుల్తాను, తెలుగు బ్రాహ్మణ మంత్రి, మరాఠా రాజు ఒక మాట మీద నిలబడటం ఔరంగజేబు కంట్లో నలుసైంది. కూచిపూడి గ్రామాన్ని భాగవతులకు రాసిచ్చింది తానాషాయేనని ఆ కుటుంబాలవారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టిందీ, ఆ నేరానికి గోల్కొండలో చెరసాల పాలైందీ కూడా ఈ ఏలుబడిలోనే. ఈ గోపన్న అక్కన్న మాదన్నల మేనల్లుడని చెబుతారు. కోటలో ఇప్పటికీ ఆ గది చూపిస్తారు. వెలుతురు అంతంతమాత్రంగా వచ్చే ఆ రాతిగదిలో గోడ మీద దేవతామూర్తుల చెక్కడాలు ఉన్నాయి. రామదాసు చేతి పనే అంటారు. గోడ తప్ప వేరే దిక్కు లేనివాడు ఆ గోడనే గుడి చేసుకున్నాడు.

పతనం ఒక్క రోజులో రాలేదు. 1685లో ఔరంగజేబు కొడుకు షా ఆలం సేనలతో హైదరాబాదు మీదికి వచ్చాడు. సేనాపతుల్లో ఒకడు ముందే అటువైపు చేరిపోయాడు. తానాషా ఊరిని వదిలి రాత్రికి రాత్రి కోటలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. ఊరు దోపిడీ పాలైంది. రాజును నమ్ముకుని ఇళ్ళలో ఉన్నవాళ్ళ సొమ్మూ, మానమూ గాలిలో కలిశాయి. తానాషాను తలచుకుని కన్నీరు పెట్టేవారు ముందుగా ఈ సంగతి తలచుకోవాలి. ఆయన నిబ్బరం ఎంత గొప్పదైనా, ఆ రాత్రి హైదరాబాదులో మిగిలిపోయినవాళ్ళకు అది అక్కరకు రాలేదు.

ఆ తర్వాత మొగలులతో కుదిరిన సంధి షరతుల్లో ఒకటి, అక్కన్న మాదన్నలను కొలువు నుంచి తీసెయ్యడం. తానాషా ఆ మాట కొట్టిపారెయ్యలేదు, అలాగని అమలూ చెయ్యలేదు. రేపు మాపంటూ సాగదీశాడు. ఆ సాగదీతలోనే 1686లో ఒక రాత్రి, దర్బారు ముగించుకుని ఇంటికి వెళ్తున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలో నరికేశారు. ఈ కుట్ర వెనక అంతఃపురపు పెద్ద రాణుల చెయ్యి ఉందని చరిత్ర చెబుతోంది. మంత్రుల నెత్తురుతో రాజ్యం నిలుస్తుందని వాళ్ళు నమ్మారు. మాదన్న తల మొగలు శిబిరానికి కానుకగా వెళ్ళింది. రాజ్యం మాత్రం నిలవలేదు. కన్నబిడ్డ పోయినా రాజుకు ఏడవడానికి ఒక పూట దొరుకుతుంది. ఇక్కడ అదీ లేదు. చంపినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, వాళ్ళతోనే కలిసి ఉండాలి, వాళ్ళకోసమే యుద్ధం చెయ్యాలి.

ఆ ఏడాది సెప్టెంబరులో బీజాపూరు పడిపోయింది. 1687 మొదట్లో ఔరంగజేబు తానే వచ్చి గోల్కొండను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలలు సాగిన ముట్టడిలో కోటకన్నా మొగలు శిబిరమే ఎక్కువ బాధపడింది. కరువు వచ్చింది, తిండిగింజలు దొరకలేదు. వానలకు మూసీ పొంగింది. గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరి అంటిస్తే, పేలుడు వెనక్కి తన్ని మొగలు సైనికులే రాళ్ళకింద నలిగారు. ఒక రాత్రి నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కుతుంటే ఒక కుక్క మొరిగి కాపలావాళ్ళను లేపింది. తానాషా దాని మెడకు బంగారు పట్టా వేయించాడని చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. ఇదే ముట్టడిలో మొగలు సేనాని కులిచ్ ఖాన్‌కు ఫిరంగి గుండు తగిలి చెయ్యి ఊడిపోయింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ మాట్లాడుతున్నాడని చెప్పుకుంటారు. కొన్నాళ్ళకే ప్రాణం విడిచాడు. హైదరాబాదు శివార్లలో ఆయన గోరీ ఉంది. ఆయన మనవడే తర్వాత నిజాం వంశాన్ని నిలబెట్టాడు. చావును నిబ్బరంగా చూడటం గోడకు ఒక్కవైపే లేదన్నమాట.

గోల్కొండ కోటకు వచ్చినవాళ్ళంతా కింద వాకిట్లో నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు అడుగు పెడితే క్షణంలో పైకి తెలియాలని కట్టినవాళ్ళు చేసిన ఏర్పాటిది. కాని ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. 1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పానీ అనే కోటలోని సర్దారే, మొగలు సొమ్ము తిని, చిన్న ద్వారం గడియ తీశాడు. ఎనిమిది నెలల ఫిరంగులు చెయ్యలేని పని ఒక గడియ చేసింది.

అప్పటికి మేలుకుని ఉన్నవాళ్ళలో తానాషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒకడు. అంతకుముందు ఔరంగజేబు నుంచి పెద్ద మన్సబు ఇస్తామని ఫర్మానా వస్తే, దాన్ని బురుజు మీద అందరూ చూస్తుండగా చించి పారేసినవాడు. ఆ తెల్లవారుజామున జీను కూడా వెయ్యని గుర్రమెక్కి, ఒక చేత కత్తి, ఒక చేత డాలు పట్టుకుని, పిడికెడు మందితో ద్వారానికి ఎదురు వెళ్ళాడు. ఒళ్ళంతా గాయాలై, ముఖం మీది చర్మం వేలాడి కళ్ళకు అడ్డుపడ్డా పట్టు వదల్లేదు. ఆఖరికి గుర్రమే ఆయన్ని ఒక తోటలోకి మోసుకుపోయింది. అక్కడ ఒక కొబ్బరిచెట్టు మానును ఆసరా చేసుకుని నేలకు జారి పడిపోయాడు. మర్నాడు చూసి గుర్తుపట్టినవాళ్ళు మంచం మీద ఇంటికి చేర్చారు. వైద్యులు లెక్కపెడితే డెబ్బై దాకా గాయాలున్నాయట. గాయం మీద గాయం పడినవి లెక్కకు అందలేదు. ఇలాంటివాడు ఇంకొకడుంటే కోట తీసుకోవడం మన తరమయ్యేది కాదన్నట్టు ఔరంగజేబు మాట్లాడాడనీ, తన వైద్యులనే పంపాడనీ చరిత్రకారులు రాశారు. ఆయన బతికాడు. కొలువులో చేరమని పిలుపు వస్తే మొదట ఒప్పుకోలేదు. అబుల్ హసన్ ఉప్పు తిన్న ఒంటితో ఇంకొకరికి కొలువు చెయ్యడం తన వల్ల కాదన్నాడు. కాలం గడిచాక ఆ పట్టూ సడలి మొగలు కొలువులోనే చేరాడు. బతికి ఉన్నవాడికి రోజులు గడవాలి. అంతమాత్రాన కొబ్బరిచెట్టు కింద పడిన ఆ ఉదయం అబద్ధం కాదు.

పైన మహల్లో ఏడుపులు మొదలయ్యాయి. తానాషా ముందు జనానాలోకి వెళ్ళాడు. ఆడవాళ్ళను ఓదార్చి, తప్పులుంటే మన్నించమని అడిగి, సెలవు తీసుకున్నాడు. తర్వాత దివాన్‌ఖానాకు వచ్చి గద్దె మీద కూర్చుని, పిలవని అతిథుల కోసం ఎదురు చూశాడు. ఎప్పటి వేళకు అప్పటిలాగే భోజనం తెమ్మన్నాడు. రుహుల్లా ఖాన్, మిగతా మొగలు సర్దారులు లోపలికి వచ్చినప్పుడు వాళ్ళకంటే ముందు తానే సలాం చేసి మర్యాదగా పలకరించాడు. ఇలాంటి సమయంలో అన్నం ఎలా సహిస్తుందని వాళ్ళలో ఒకరు అడిగారట. ఇది తన భోజనం వేళ అనీ, ఫకీరుగా ఉన్ననాడు ఇచ్చిన దేవుడే రాజుగానూ ఇచ్చాడనీ, ఇప్పుడు తీసుకున్నదీ ఆ చెయ్యేననీ ఆయన చెప్పిన జవాబు సారాంశం. తర్వాత గుర్రమెక్కి వాళ్ళ వెంట వెళ్ళాడు. మెడలో ముత్యాల హారాలున్నాయి. ఔరంగజేబు కొడుకు షాజాదా ఆజం ఎదట నిలబడ్డప్పుడు వాటిని తీసి ఎంతో హుందాగా ఆయన చేతిలో పెట్టాడు. షాజాదా ఆయన వీపు మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పాడు.

ఈ నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ఉదయం పుట్టింది మాత్రం కాదు. ఖాన్‌కాలో తిండికి వంతు కోసం కూర్చున్న రోజుల్లో పుట్టి ఉండాలి. పదిహేనేళ్ళు వజ్రాల మీద కూర్చున్నా ఆ పాఠం చెరిగిపోలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఇంటాయన రాగానే తాళం చెవి అప్పగించినట్టు రాజ్యం అప్పగించాడు. చావునైనా, నష్టాన్నైనా ఎదుర్కొనే నేర్పు అది వచ్చి తలుపు తట్టాక నేర్చుకునేది కాదని ఆయన కథ చెబుతుంది. ముందే, ఏమీ లేని రోజుల్లోనో, అన్నీ ఉన్నా అవి తనవి కావని తెలిసిన రోజుల్లోనో ఒంటికి పట్టాలి.

తెలుగు నేల నుంచి బందీగా వెళ్ళి పరాయి గడ్డ మీద పోయిన రాజు ఆయనొక్కడే కాదు. 1323లో ఓరుగల్లు పడ్డాక ఢిల్లీకి తీసుకుపోతున్న ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడని తర్వాతి కాలపు శాసనం ఇంకొకటి అంటుంది. ఆ మాటే నిజమైతే, ప్రతాపరుద్రుడు బందీగా బతకడానికి ఒప్పుకోలేదు. తానాషా ఒప్పుకున్నాడు. దౌలతాబాదు కోటలోని చీనీ మహల్లో, నీలం తెలుపు పలకలు పొదిగిన గోడల మధ్య, పన్నెండేళ్ళ పైబడి బతికాడు. ఔరంగజేబు పెట్టే భత్యం మీద, అనుమతి లేనిదే గడప దాటకుండా, ఒకనాడు తాను గోపన్నను ఉంచిన స్థితిలో. తెగించి చావడం ఒక రకం ధైర్యం. రోజూ పొద్దున లేచి, పోయింది తిరిగి రాదని తెలిసి, ఆ రోజును గడపడం ఇంకో రకం. రెండో రకం ధైర్యం గురించి కావ్యాలు తక్కువ.

17వ శతాబ్దం ముగుస్తుండగా తానాషా ఆ బందిఖానాలోనే పోయాడు. ఇబ్రహీం బాగ్ స్నానశాలలో నీళ్ళు పొయ్యలేదు. దౌలతాబాదుకు కొద్ది మైళ్ళ దూరంలో, సూఫీల దర్గాలున్న ఖుల్దాబాదులో, చిన్న గోరీలో పెట్టారు.

గెలిచినవాడి సంగతి కూడా చెప్పాలి. గోల్కొండను పడగొట్టాక ఔరంగజేబు ఇరవై ఏళ్ళు బతికాడు. ఆ ఇరవై ఏళ్ళూ దక్కనులో మరాఠాలను వెంబడిస్తూనే గడిచాయి. ఢిల్లీ మళ్ళీ చూడలేదు. ముసలితనంలో కొడుకులకు రాసిన ఉత్తరాల్లో తాను చేసిందేమిటో తనకే అంతుపట్టని బెంగ కనిపిస్తుంది. 1707లో అహ్మద్‌నగర్‌లో కన్నుమూశాడు. టోపీలు కుట్టి సంపాదించిన కొద్ది రూపాయలతోనే తన ఖననం జరగాలని కోరాడని చెబుతారు. ఆయన్ని కూడా తీసుకొచ్చి ఖుల్దాబాదులోనే, పైకప్పు లేని గోరీలో పెట్టారు. 1748లో పోయిన మొదటి నిజాం, ముట్టడిలో చెయ్యి పోగొట్టుకున్న కులిచ్ ఖాన్ మనవడు, ఆయనా అక్కడే. గోల్కొండను పోగొట్టుకున్నవాడు, గెలుచుకున్నవాడు, ఆ గెలుపు మీద కొత్త రాజ్యం కట్టుకున్నవాడు ఒకే ఊళ్ళో ఉన్నారు. చావు అందరినీ సమానం చేస్తుందని చెప్పి ఇక్కడ ఆగిపోవచ్చు. కాని అది సగం మాటే. పోయాక సమానమే. పోయేముందు వాళ్ళ మనసులు సమానం కాదు. గెలిచినవాడి ఉత్తరాల్లో ఉన్న దిగులు, ఓడినవాడు అన్నం ముందు కూర్చున్న తీరులో లేదు.

తెలుగువాళ్ళు ఈ పతనాన్ని తమకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకున్నారు. రామదాసు పన్నెండేళ్ళ చెరకు కథల్లో ఒక కారణం దొరికింది, పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో బంధించాడట. కారణం లేని బాధను మన మనసు భరించలేదు. అందుకే చిలుకను వెతికి తెచ్చుకుంటుంది. తానాషా పతనానికి చరిత్రకారులు చెప్పే కారణాలు ఇంతకంటే గట్టివే: ఔరంగజేబు దురాశ, వజ్రాల గనులు, మరాఠాలతో స్నేహం, ఇంట్లోవాళ్ళ ద్రోహం, తానాషా చేతకానితనం. అన్నీ నిజమే. అయినా వాటిలో ఏ ఒక్కటీ దౌలతాబాదులో ఒక పూటను తేలిక చెయ్యదు.

ప్రజలు చేసిన ఇంకో పని దీనికన్నా మేలైనది. బందిఖానాలో పెట్టినవాణ్ణి పగవాడిగా మిగల్చలేదు. రాముడు కళ్ళముందు నిలిచిన భాగ్యం రామదాసు కంటే ముందు తానాషాకే దక్కిందని పాడుకున్నారు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయనతోనే మొదలైందంటారు. అక్కడి తలంబ్రాలు మన ఇళ్ళలోలా ఉత్త పసుపు రంగులో ఉండవు. గులాలు కలిపి ఎర్రగా ఉంటాయి. ఆ గులాలు కూడా తానాషా కాలం నాటి ముచ్చటే అంటారు. రాజ్యాలు మారాయి, నిజాములు వచ్చి వెళ్ళారు, ఇప్పుడు ప్రభుత్వం తరఫున ఆ పళ్ళెం నెత్తిన పెట్టుకుని వస్తారు. గోల్కొండ మళ్ళీ ఎన్నడూ రాజధాని కాలేదు. కోట గోడల మీద పెట్టిన ఖర్చు కోటను కాపాడలేదు. మనసుపడి ఇచ్చినది మాత్రం ఏటేటా ఒక రోజు తిరిగి వస్తోంది.

నష్టంలో అర్థం వెతకడం గురించి ఇంతకంటే పెద్ద మాటలు చెప్పడానికి ఈ కథ ఒప్పుకోదు. పోవడంలో అర్థం లేదు. రాజ్యం పోయినా, మనిషి పోయినా అది నష్టమే. అర్థమంటూ ఉంటే, ఆ పూట మనం ఎదుటివాళ్ళతో ఎలా ఉన్నామన్న దానిలోనే. తానాషా ఆ ఉదయం చేసిన పనులన్నీ చిన్నవి. ఏడ్చేవాళ్ళను ఓదార్చాడు, మన్నించమని అడిగాడు, వచ్చినవాళ్ళకు సలాం చేశాడు, వేళకు అన్నం తిన్నాడు. మన ఊళ్ళలో చావింట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు అన్నం వండి తెచ్చి, వద్దన్నా వినకుండా, ఏడుస్తున్న మనిషి చేత రెండు ముద్దలు తినిపిస్తారు. ఆ ముద్ద మింగితే పోయినవాళ్ళను మరిచిపోయామేమోనని చాలామంది కుమిలిపోతారు. అక్కర్లేదు. కోట తలుపులు తెరుచుకుని శత్రువు లోపల నిలబడి ఉండగా తానాషా తిన్న అన్నం కూడా అలాంటిదే. ఆయన దుఃఖాన్ని అది తగ్గించలేదు. ఆ దుఃఖాన్ని పన్నెండేళ్ళు మోయడానికి కావలసిన ఓపికకు మొదటి ముద్ద అయింది.